మేక మెడలో దండ: ‘హిమ్’ సినిమా ఎక్కడ భయపెట్టింది, ఎక్కడ తడబడింది

అమెరికా క్రీడల భాషలో ‘గోట్’ అనే మాట ఒకప్పుడు తిట్టు. గెలవాల్సిన మ్యాచ్‌ని చేజేతులా పోగొట్టినవాడు, జట్టు ఓటమినంతా ఒక్కడే మోసినవాడు గోట్. 1986 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో బిల్ బక్నర్ కాళ్ళ సందులోంచి బంతి జారిపోయింది. ఆ మచ్చ అతన్ని ఏళ్ళ తరబడి వదల్లేదు. ఆ తర్వాత ఆ మాట అర్థం తలకిందులైంది. ‘గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్’ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చేది అదే గోట్. ముహమ్మద్ అలీ వ్యాపార వ్యవహారాలు చూసుకోవడానికి ఆయన భార్య లోనీ 1992లో పెట్టిన సంస్థ పేరులో ఈ పొడిమాట ఉంది. 2000లో ర్యాపర్ ఎల్‌ఎల్ కూల్ జే తన ఆల్బమ్‌కి ఇదే పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు మెస్సీ గోల్ కొట్టినా, కోహ్లీ సెంచరీ చేసినా అభిమానులు ఫోన్‌లో మేక బొమ్మ పెట్టేస్తున్నారు.

పల్లె జాతర చూసినవాళ్ళకి ఈ మేక బొమ్మ కొంచెం ఇబ్బందిగా ఉండాలి. మనకు తెలిసిన మేకకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మెడలో దండ వేసి, డప్పులతో ఊరేగించి తీసుకొస్తారు. గుడి ముందు దాని మీద నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు లెక్క. నీళ్ళు పడితే ఏ జంతువైనా ఒళ్ళు విదిలిస్తుంది, కానీ ఆ క్షణంలో దాన్ని అంగీకారమనే చదువుకుంటారు.

2025 సెప్టెంబరు 19న అమెరికాలో విడుదలైన ‘హిమ్’ సినిమాకి ఈ దృశ్యం గుర్తుపెట్టుకుని వెళితే మంచిది. దర్శకుడు జస్టిన్ టిప్పింగ్. నిర్మాతల్లో జోర్డన్ పీల్ ఉన్నాడు. జాక్ ఏకర్స్, స్కిప్ బ్రాంకీ రాసిన మొదటి స్క్రిప్టు పేరు ‘గోట్’. హాలీవుడ్‌లో ఇంకా తెరకెక్కని మంచి స్క్రిప్టుల జాబితాగా పేరున్న బ్లాక్ లిస్ట్‌లో 2022లో అది చోటు సంపాదించింది. టిప్పింగ్ దాన్ని తిరగరాసి తీశాడు. పేరు మారినా మేక మాత్రం సినిమాలో ఎక్కడికీ పోలేదు.

కొత్త పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. అమెరికా యువత మాటల్లో ‘ఐయామ్ హిమ్’ అంటే ‘ఆ మొనగాణ్ణి నేనే’ అని. అదే సర్వనామం బైబిల్ ధోరణిలో పెద్దక్షరంతో రాస్తే దేవుడు. తెలుగులో ఈ రెండు అర్థాలకి రెండు వేర్వేరు మాటలు కావాలి: ఒకటి ‘వాడే’, ఇంకోటి ‘ఆయన’. వాడిని ఆయనగా మార్చే పని ఎవరు చేస్తారు, దానికి ఏం పుచ్చుకుంటారు అన్నదే ఈ గంటన్నర సినిమా కథ.

అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టు ఆడే ప్రతి ఎత్తూ ఎవరి చేతుల్లోంచి మొదలవుతుందో ఆ మనిషి. క్రికెట్‌లో కెప్టెనూ ఓపెనరూ ఒక్కడే అయి, ప్రతి బంతికీ నలుగురు వంద కిలోల మనుషులు అతన్ని నేలకూల్చడానికి పరిగెత్తుకొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. డబ్బు, పేరు, నింద మూడూ ఎక్కువగా చేరేది అతని దగ్గరికే. డాలస్ పక్కన ఫ్రిస్కోలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకి ఈ వివరణ అక్కర్లేదు. డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం వాళ్ళ ఊళ్ళోనే ఉంది. శుక్రవారం రాత్రి హైస్కూలు ఆటకి స్టేడియం నిండిపోవడం వాళ్ళ పిల్లలకి మామూలు విషయం. సినిమాలోని శాన్ ఆంటోనియో సేవియర్స్ అనే జట్టు మాత్రం కల్పితం. అంత ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న టెక్సస్‌లో, అంత పెద్ద నగరమైన శాన్ ఆంటోనియోకి అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిజంగా జట్టు లేదు. సేవియర్స్ అంటే రక్షకులు. పేర్లు పెట్టడంలో ఈ సినిమా మొహమాటపడదు.

ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఐజయా వైట్. ఎనిమిది టైటిళ్ళు గెలిచాడు. నిజ జీవితంలో క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ గెలిచిన సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) ఏడు, కాబట్టి ఆ ఒక్కటి ఎక్కువ ఎందుకు వేశారో అర్థమవుతుంది. చిన్నప్పుడు క్యామ్ కేడ్ అనే పిల్లవాడు తండ్రితో కలిసి టీవీలో ఐజయా కాలు విరగడం చూస్తాడు. మగాడంటే అలా త్యాగం చెయ్యాలని తండ్రి నూరిపోస్తాడు. ఆ పిల్లవాడే పెరిగి కాలేజీ స్థాయిలో పెద్ద స్టార్ అవుతాడు. ప్రొఫెషనల్ జట్లు ఎంపిక చేసుకోబోయే సమయంలో ఎవరో మేక వేషంలో వచ్చి అతని తల పగలగొడతారు. తలకి కుట్లు, మెదడుకి గాయం, భవిష్యత్తు అయోమయం. అప్పుడు ఐజయా నుంచి పిలుపొస్తుంది: ఎడారిలో ఉన్న నా స్థావరానికి రా, వారం రోజులు నాతో సాధన చెయ్యి.

భయం అక్కడ మొదలవుతుందని సినిమా అనుకుంటుంది. నిజానికి అంతకుముందే, టీవీ ముందు కూర్చున్న ఆ ఇంట్లోనే మొదలైంది. తండ్రి కేకలు వేస్తూ కొడుక్కి చూపించిన విరిగిన ఎముక ముందు, తర్వాత వచ్చే నెత్తుటి దృశ్యాలు చాలావరకు తేలిపోతాయి.

ఆటల సినిమాల్లో ఒక పాత ఆనవాయితీ ఉంది. హీరో కొండలు ఎక్కుతాడు, ఇసుక మూటలు మోస్తాడు, వాంతి చేసుకుంటాడు, చేతులు బొబ్బలెక్కుతాయి, వెనక హుషారైన పాట వస్తుంది. ప్రేక్షకుడు ఆ నొప్పిని గెలుపుకి కట్టే వాయిదాలుగా చూస్తాడు. హారర్ సినిమాలో అదే నొప్పి ముప్పు. ‘హిమ్’ తెలివి ఏమిటంటే, సాధన ఘట్టాన్ని దాదాపు యథాతథంగా ఉంచి పాట ఒక్కటి తీసేసింది. ఆ చోట బాబీ కెర్లిక్ సంగీతం పెట్టారు, 2019లో వచ్చిన హారర్ సినిమా ‘మిడ్‌సోమర్’కి సంగీతం ఇచ్చినది ఆయనే. అంతే, కోచ్ పొగడ్త బెదిరింపులా వినిపిస్తుంది, డాక్టర్ ఇంజెక్షన్ ఏదో తతంగంలా కనిపిస్తుంది. ఒక్కో రోజుకీ ఒక్కో శీర్షిక ఉంటుంది: సరదా, నాయకత్వం, తట్టుకునే శక్తి, త్యాగం, ఇలా. కార్పొరేట్ శిక్షణ తరగతుల గోడల మీద కనిపించే మాటలే ఇవి. రక్తం కన్నా ఈ శీర్షికలే ఎక్కువ వణికిస్తాయి అనడం అతిశయోక్తి కాదు.

సినిమా సోకు గురించి రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ నిజమే. కీరా కెల్లీ కెమెరా పనితనం చూస్తే కండలు నూనె పూసిన విగ్రహాల్లా మెరుస్తాయి. సిమెంటు గదులు ఏ దేవాలయమో ఆసుపత్రో తెలియనట్టు ఉంటాయి. ఇద్దరు ఢీకొన్నప్పుడు బొమ్మ హఠాత్తుగా ఎక్స్‌రేలా మారి, పుర్రె లోపల మెదడు గోడకి కొట్టుకోవడం చూపిస్తుంది. ఇది బూట్ల ప్రకటనల భాష అని ఆక్షేపించినవాళ్ళున్నారు. ఔను, ప్రకటనల భాషే. టిప్పింగ్ మొదటి సినిమా, 2016లో వచ్చిన ‘కిక్స్’, దొంగిలించబడిన ఒక జత బూట్ల చుట్టూనే తిరుగుతుంది. వస్తువు మెరుపు కుర్రాళ్ళ మీద ఎలా పనిచేస్తుందో అతనికి తెలుసు. శరీరాన్ని సరుకుగా అమ్మే లోకం గురించి సినిమా తీస్తూ, ఆ సరుకు మెరిసే తీరు చూపించకుండా ఉండటం కుదరదు. చిక్కల్లా ఎక్కడంటే, ప్రకటనని ఎగతాళి చేస్తోందా లేక ప్రకటనలోనే పడిపోయిందా అని కొన్ని చోట్ల సినిమాకే తెలియదు.

ఎక్స్‌రే షాట్ మాత్రం అలంకారం కాదు. దాని వెనక ఒక శవపరీక్ష ఉంది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తరఫున నాలుగు సూపర్ బౌల్స్ గెలిచిన మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభై ఏళ్ళకే చనిపోయాడు. చివరి రోజుల్లో మతి స్థిమితంలో లేదు, ఉండటానికి ఇల్లు కూడా లేని స్థితికి వచ్చాడు. శవపరీక్ష చేసిన నైజీరియా మూలాల డాక్టర్ బెన్నెట్ ఒమాలుకి మెదడు పైకి మామూలుగానే కనిపించింది. పల్చటి ముక్కలు కోసి సూక్ష్మదర్శిని కింద పెడితేనే టావ్ అనే ప్రోటీన్ పేరుకుని ఉండటం బయటపడింది. తలకి పదేపదే తగిలే దెబ్బలతో వచ్చే ఆ మెదడు జబ్బునే ఇప్పుడు సీటీఈ అంటున్నారు. 2005లో ఆయన పరిశోధన పత్రం అచ్చయితే, దాన్ని వెనక్కి తీసుకోవాలని ఎన్‌ఎఫ్‌ఎల్ కమిటీ వైద్యులు డిమాండ్ చేశారు. ఆటకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని లీగ్ ఉన్నతాధికారి ఒకరు బహిరంగంగా ఒప్పుకోవడానికి 2016 దాకా పట్టింది. బోస్టన్ యూనివర్సిటీ 2023లో చెప్పిన లెక్క ప్రకారం, పరిశీలించిన 376 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళలో 345 మందికి ఈ జబ్బు ఉంది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదళ్ళను దానం చేస్తాయి కాబట్టి ఆటగాళ్ళందరికీ ఇదే నిష్పత్తి వర్తిస్తుందని అనలేం. అయినా ఆ అంకెని చూసి పక్కకి తప్పుకోవడం కష్టం.

ఈ జబ్బులో అసలు భయంకరమైన సంగతి, బతికుండగా దాన్ని ఖాయంగా నిర్ధారించలేకపోవడం. ఏ దెబ్బతో మొదలైందో తెలియదు. ‘ఇవాళ కొంచెం చిరాగ్గా ఉంది’ అనిపించినప్పుడు అది అలసటా లేక ఆరంభమా అన్నది మనిషికి తెలియదు. క్యామ్‌కి తల పగిలాక కనిపించేవన్నీ నిజమా, దెబ్బ వల్ల పుట్టిన భ్రమలా అన్న సందేహాన్ని సినిమా మొదటి సగమంతా నిలబెట్టుకుంటుంది. ఏ దెయ్యం కథకీ ఇంతకన్నా మంచి పునాది దొరకదు. క్రికెట్‌లో 2014లో ఫిలిప్ హ్యూజ్ మెడకి బంతి తగిలి చనిపోయాక ఆట ఉలిక్కిపడింది. 2019 నుంచి తలకి దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకడు ఆడే నిబంధన అంతర్జాతీయ మ్యాచ్‌లకి వచ్చింది. అక్కడ తలదెబ్బ ప్రమాదం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఢీకొట్టడమే చాలామందికి ఉద్యోగం.

మెదడు గాయాల తర్వాత, ఈ సినిమా వెనక ఉన్న రెండో నిజం కొలతలది. ఏటా ఇండియానాపొలిస్‌లో ‘కంబైన్’ అనే పరీక్ష జరుగుతుంది. కాలేజీ కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి ఎత్తు, బరువు, చేతి పొడవు, అరచేతి వెడల్పు కొలుస్తారు. గజాలు లెక్కపెట్టి పరిగెత్తిస్తారు. జట్ల ప్రతినిధులు రాసుకుంటారు. 2020లో క్వార్టర్‌బ్యాక్ జో బరో అరచెయ్యి తొమ్మిది అంగుళాలే వచ్చిందని పెద్ద చర్చ నడిచింది. ఇంత చిన్న చేతుల్లోంచి బంతి జారిపోతుందట, రిటైర్ అయిపోదామనుకుంటున్నా అని అతనే జోకు వేశాడు. కొలుస్తున్నవాళ్ళు ఎవరు, కొలతకి నిలబడ్డవాళ్ళు ఎవరు అన్నది చూస్తే జోకు పక్కకి పోతుంది. ఆటగాళ్ళలో సగానికి పైగా నల్లజాతివాళ్ళు. ముప్పై రెండు జట్లలో ఒక్కదానికీ నల్లజాతి ప్రధాన యజమాని లేరు. బానిసల వేలంతో ఈ తంతుని పోల్చినవాళ్ళలో కోలిన్ కేపర్నిక్ ఒకడు. 2016లో జాతీయగీతం వేళ మోకాలి మీద కూర్చుని నిరసన తెలిపినందుకు అతను ఆటకే దూరమయ్యాడు. కీరా కెల్లీ ఇదే అమెరికాలో ఖైదీల శ్రమ మీద 2016లో వచ్చిన ‘థర్టీన్త్’ డాక్యుమెంటరీకి పనిచేసిన ఛాయాగ్రాహకుల్లో ఒకరు. శరీరాన్ని ఎవరు సొంతం చేసుకుంటారన్న ప్రశ్న ఆమె కెమెరాకి కొత్త కాదు.

అన్నిటికన్నా చేదు వాస్తవం కోర్టు కాగితాల్లో ఉంది. మెదడు దెబ్బతిన్న మాజీ ఆటగాళ్ళకి పరిహారం ఇచ్చే ఒప్పందాన్ని 2015లో న్యాయస్థానం ఆమోదించింది. ఆ పరిహారం తేల్చే పరీక్షల్లో నల్లజాతి ఆటగాళ్ళ మేధాశక్తి మొదటి నుంచే తక్కువ స్థాయిలో ఉండి ఉంటుందని లెక్కవేసే పద్ధతి వాడారు. మొదట్లోనే తక్కువ అనుకుంటే, తర్వాత ఎంత పోగొట్టుకున్నదీ తక్కువే అవుతుంది కదా! ఆ పద్ధతి ఆపేస్తామని లీగ్ 2021లో చెప్పింది. ఇంత నిఖార్సైన హారర్‌ని ఏ స్క్రిప్టు రచయితా కల్పించలేడు.

సినిమా బలహీనత సరిగ్గా ఇక్కడే తేలుతుంది. ముగింపు చెప్పకుండా ఇది వివరించడం కుదరదు, చూడదలచుకున్నవాళ్ళు ఈ రెండు పేరాలు వదిలేసి ముందుకెళ్ళొచ్చు. ఐజయా రక్తాన్ని క్యామ్‌కి ఎక్కించారని, గొప్ప ఆటగాళ్ళ పరంపర మొత్తం ఇలా రక్తం ద్వారానే సాగుతోందని, వెనక ఒక సైతాను ఒప్పందం ఉందని తెలుస్తుంది. గురుశిష్యులిద్దరూ చచ్చేదాకా కొట్టుకుంటారు. గెలిచిన క్యామ్ మైదానంలోకి వస్తే చీర్‌లీడర్లు, ముసుగులు, యజమానులు, సంతకం పెట్టాల్సిన కాగితం సిద్ధంగా ఉంటాయి. అతను సంతకం పెట్టడు. అందరినీ నరికేస్తాడు.

బొమ్మల పరంగా ఈ ఘట్టం దర్జాగా ఉంటుంది. అర్థం పరంగా మాత్రం ఇది వెనకడుగు. యజమానులు నిజంగానే సైతాను భక్తులైతే, నిజం యజమానులకి ఊపిరి పీల్చుకునే వీలు దొరుకుతుంది: మేం అలాంటివాళ్ళం కాదుగా అని. టేపు పట్టుకుని అరచెయ్యి కొలిచేవాడికి కొమ్ములుండవు. పెన్‌కిల్లర్ సూది వేసే డాక్టర్, పరిహారం లెక్క తగ్గించే లాయర్, కొడుకుని టీవీ ముందు కూర్చోబెట్టే తండ్రి, వీళ్ళకి ఏ దేవుడూ దెయ్యమూ అక్కర్లేదు. జీతం, ఆశ, పరువు చాలు. మొదటి గంట ఈ సంగతి తెలిసినట్టే నడిచిన సినిమా, చివరి ఇరవై నిమిషాలకి ఒక ముసుగు వెతుక్కుంది. పైగా కత్తి దూసి నరికేయడం వల్ల క్యామ్ మళ్ళీ ‘హిమ్’ అయిపోయాడు. ఒక్క మగాడు వచ్చి అందరినీ ఊచకోత కోసి లెక్క సరిచేయడం మన మాస్ సినిమా క్లైమాక్స్ కూడా. ఆ మూస మీద అనుమానం పుట్టించడానికి బయల్దేరిన కథ దాన్నే ఆశ్రయించింది.

మతం ప్రస్తావనని పూర్తిగా తీసిపారేయాల్సిన పని లేదు. అందులో సినిమా పైకి చెప్పినదానికన్నా మంచి సరుకు ఉంది. ఐజయా అంటే తెలుగు బైబిల్లో యెషయా. వధకు తీసుకెళ్ళే గొర్రెపిల్లలా నోరు తెరవకుండా ఉన్న సేవకుడి ప్రస్తావన ఆ గ్రంథం యాభై మూడో అధ్యాయంలోనే వస్తుంది. లేవీయకాండం పదహారో అధ్యాయంలో రెండు మేకలు కనిపిస్తాయి. ఒకదాన్ని దేవుడికి బలిస్తారు. రెండోదాని తల మీద యాజకుడు చేతులు పెట్టి జనం పాపాలన్నీ దాని మీద మోపి ఎడారిలోకి తోలేస్తారు. ఆట పరిభాషలో తిట్టుగా ఉన్న పాత ‘గోట్’ ఈ రెండో మేక వారసుడే. క్యామ్ తలకి గాయంతో ఎడారికి వెళతాడు. పైగా ఐజయా గేటు బయట డేరాలు వేసుకుని కాపలా కాసే పిచ్చి అభిమానులున్నారు. సైతానుని పక్కనపెట్టి ఈ మేకని నమ్ముకుని ఉంటే ముగింపుకి యజమానులతో పాటు ఆ అభిమానులు కూడా బాధ్యులయ్యేవారు. పాపం మోపేది జనమే కదా.

నటనలో సినిమాని మోసింది మార్లన్ వేయన్స్. 2000లో హారర్ సినిమాలని వెక్కిరించిన ‘స్కేరీ మూవీ’తో నవ్వించినవాడు. అదే ఏడాది ‘రిక్వియమ్ ఫర్ ఎ డ్రీమ్’లో బరువైన పాత్ర చేశాడన్నది చాలామంది మర్చిపోయారు. హాస్యనటుడికి ఎప్పుడు ఆగాలో తెలుస్తుంది. ఐజయా నవ్వు మధ్యలో ఆగే ఆ అర సెకనులో ప్రేమ, అసూయ, బెదిరింపు మూడూ ఉంటాయి. వయసైపోతున్న ఆటగాడు తన స్థానంలోకి రాబోయేవాడికి నేర్పుతూనే వాణ్ణి విరగ్గొట్టాలనుకోవడం పైకి మేకపోతు గాంభీర్యం, లోపల పచ్చి భయం. క్యామ్‌గా వేసిన టైరిక్ విథర్స్ ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో నిజంగానే ఫుట్‌బాల్ ఆడినవాడు. శరీరం నమ్మిస్తుంది. పాత్రకి లోపల ఏముందో రాయడం మాత్రం రచయితలు మర్చిపోయారు. ఐజయా భార్యగా జూలియా ఫాక్స్ వచ్చినప్పుడల్లా తెర వెలుగుతుంది, ఆమెకి చేయడానికి పని తక్కువ.

లెక్కల సంగతి తొందరగా చెప్పేసుకోవచ్చు. దాదాపు 27 మిలియన్ డాలర్ల ఖర్చుతో తీస్తే, మొదటి వారాంతం అమెరికాలో 13 మిలియన్లకి కొంచెం పైన వచ్చింది. జపాన్ యానిమేషన్ సినిమా ‘డీమన్ స్లేయర్’ తర్వాత రెండో స్థానం. హాలు నుంచి బయటికొచ్చే ప్రేక్షకుల్ని అడిగి సినిమాస్కోర్ ఇచ్చే గ్రేడు సీ మైనస్. పోస్టర్ల మీద జోర్డన్ పీల్ పేరు పెద్దగా కనిపించడంతో ఇది ఆయనే తీశాడనుకుని వచ్చినవాళ్ళు తక్కువేం కాదు. 2017లో ‘గెట్ అవుట్’తో ఆయన 4.5 మిలియన్లు పెట్టి 250 మిలియన్లకి పైగా రాబట్టాడు, స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ కూడా అందుకున్నాడు. అక్కడా నల్లజాతి శరీరాన్ని తెల్లవాళ్ళు వేలం వేస్తారు, అయితే వేలంలో పాల్గొన్నవాళ్ళు మర్యాదగా టీ తాగే మామూలు మనుషులు. ఆ తేడా చాలు.

ఇన్ని లోపాల మధ్య, మర్చిపోలేని ఘట్టం ఒకటుంది. బంతులు విసిరే యంత్రం ముందు, మొహానికి ఏ రక్షణా లేకుండా ఒక మనిషిని నిలబెడతారు. ఏ జట్టులోనూ చోటు లేని ఆటగాడు. క్యామ్ గురి తప్పిన ప్రతిసారీ యంత్రంలోంచి బంతి దూసుకొచ్చి అతని మొహానికి తగులుతుంది. ముక్కు, పెదవి పగులుతాయి. అతన్ని ఎవరూ కట్టేయలేదు. తలుపు మూయలేదు. తుపాకి గురిపెట్టలేదు. అతను అక్కణ్ణుంచి కదలడు. చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని నిబద్ధత అంటారు. అందరి చూపూ క్యామ్ చేతిలో ఉన్న తర్వాతి బంతి మీదే.